గ్రేస్ పట్టికలో నేను గీసిన గీతలు

రియాద్‌లో మలాజ్ వైపు నేను వంట చేసే నర్సుల హాస్టల్‌ వెనుక ఒక ఆడపిల్లల స్కూలు ఉంది. ఈ మధ్య అక్కడ సాయంత్రాలు బంతి గోడకు తగులుతున్న శబ్దం వినిపిస్తోంది. ధన్, ధన్ అని ఆగి ఆగి కొడుతుంది, నడుమ ఈల, ఆ వెంటనే పిల్లల అరుపులు. మొదటిసారి విన్నప్పుడు చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నేను బంతాట ఎప్పుడూ ఆడలేదు, మైదానంలో కూర్చుని చూడనూ లేదు. అయినా ఉగాండాలో ఒక చిన్న ఊరి ఆడపిల్లల జట్టు ఒక సీజన్‌లో ఏ వారం గెలిచిందో, ఏ వారం ఓడిందో ఇప్పటికీ వరసగా చెప్పగలను. అందుకు కారణం గ్రేస్.

రియాద్‌కు రాకముందు నేను ఇదే దేశంలో బురైదా అనే ఊళ్ళో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. వంట నాది, పిల్లలూ ఇల్లూ గ్రేస్‌వి. నాది నరసాపురం దగ్గర పల్లె, ఆమెది ఉగాండాలో చెరువు ఒడ్డున ఊరు. ఇద్దరికీ కలిసిన భాష వంటింటి అరబ్బీ ఒక్కటే, ముక్కలు ముక్కలుగా మాట్లాడుకునేవాళ్ళం. ఆమె నన్ను ఉఖ్తీ అని పిలిచేది, చెల్లీ అన్నట్టు. నిజానికి వయసులో నేనే పెద్ద. మా ఫోన్లు మేడం బీరువాలో ఉండేవి. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఇచ్చేది, సాయంత్రం అసర్ నమాజుకు తిరిగి తీసుకునేది. ఆ రెండు మూడు గంటల్లోనే మా సంసారాలన్నీ చూసుకోవాలి. నేను మా తమ్ముడికి ఫోన్ చేసేదాన్ని. గ్రేస్ మాత్రం ముందు తన కూతురు ప్రాసీ పంపిన కబుర్లు వినేది, తరువాత సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు వెనుక అంటించిన అట్ట మీద గీతలు గీసేది.

ఖర్జూరం పెట్టె చించి చేసిన అట్ట అది. ఎనిమిది జట్లు, ఒక్కోదానికి ఒక్కో అక్షరం. గెలిస్తే నిలువు గీత, ఓడితే అడ్డ గీత, సమానమైతే చుక్క. ప్రాసీ జట్టు మొదటి రెండు స్థానాల్లో నిలిస్తే ఆ పిల్లకు టీచర్ల కాలేజీలో ఆటగాళ్ళకిచ్చే సీటు వస్తుందట. సీటు వచ్చిన రోజే ఇక్కడి నుంచి వెళ్ళిపోతానని గ్రేస్ అనేది. ప్రాసీ ఫోటో చూపించినప్పుడు, పెళ్ళి కావలసిన పిల్ల మోకాళ్ళు కనబడేలా పరిగెడుతుంటే మురిసిపోతావేమిటి అన్నాను. గ్రేస్ నవ్వి, "మోకాళ్ళు దానివి. నొప్పి నీకెందుకు, ఉఖ్తీ?" అంది. నాకు అప్పటికి నలభై నాలుగేళ్ళు, ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. ఆ ఎనిమిది అక్షరాలూ గ్రేస్ వేలు పెట్టి చూపించి నేర్పింది. నా జీవితంలో నేను మొదట చదివినవి నేను ఎన్నడూ చూడని ఊళ్ళ పేర్లలోని మొదటి అక్షరాలు.

వేసవిలో ఇంటివాళ్ళు చల్లగా ఉంటుందని రెండు నెలలు అభా వెళ్ళారు. పిల్లల కోసం గ్రేస్‌ను తీసుకెళ్ళారు. మేడం మామగారు, మేము బాబా అనేవాళ్ళం, ఖర్జూరం తోట వదిలి రానన్నాడు. ఆయనకు వండి పెట్టడానికి నేను ఉండిపోయాను. కొండ ఊళ్ళో పిల్లల మీద కన్ను ఉండాలని మేడం గ్రేస్ ఫోన్‌ను బురైదాలోనే వదిలేయమంది. బయలుదేరే ముందు గ్రేస్ ఫోన్ నా చేతిలో పెట్టి ఏర్పాటు చెప్పింది. ప్రాసీ ప్రతి వారం ఫోటో పంపుతుంది. కుడి చేతి వేళ్ళు తమ గోల్స్, ఎడమ చేతి వేళ్ళు ఎదుటివాళ్ళవి. పలక మీద ఎదుటి జట్టు అక్షరం ఉంటుంది. నేను చూసి గీత గీయాలి. శుక్రవారం మేడం బాబాతో మాట్లాడేటప్పుడు గ్రేస్‌కు ఒక్క నిమిషం ఫోన్ ఇస్తుంది, అప్పుడు చెప్పాలి. "ఏదైనా జరిగితే కూడా చెప్పు. మేడం కాళ్ళు పట్టుకునైనా ఆమె ఫోన్‌లో ప్రాసీతో మాట్లాడతాను," అంది. ప్రాసీకి కూడా ఇదే చెప్పి వెళ్ళింది.

మొదటి మూడు వారాలు నిలువు గీతలే. నాలుగో శుక్రవారం వచ్చిన ఫోటోలో ప్రాసీ మంచం మీద ఉంది. కుడి మోకాలికి తెల్లటి కట్టు. కుడి చెయ్యి పిడికిలి, ఎడమ చేతికి రెండు వేళ్ళు. ముఖంలో నవ్వు లేదు, కళ్ళు నేరుగా నన్నే చూస్తున్నట్టు ఉన్నాయి. కాసేపటికి బాబా పిలిచి ఫోన్ ఇచ్చాడు. గ్రేస్ గొంతు వెనుక పిల్లల గోల. గెలిచారా అని అడిగింది. గెలిచారు అన్నాను. ప్రాసీ ఎలా ఉంది అంది. బాగుంది అన్నాను. పెట్టేశాక వెళ్ళి అట్ట మీద నిలువు గీత గీశాను.

నేను చెడ్డపని చేస్తున్నానని నాకు అప్పుడు తోచలేదు. మా వైపు గల్ఫ్‌లో ఉన్న మనిషికి చెడ్డ కబురు చెప్పరు. పరాయి ఇంట్లో ఒంటరిగా ఏం చేస్తుంది, పని పాడవుతుంది, వచ్చాక కాళ్ళు కడుక్కుని నాలుగు మెతుకులు తిన్నాక చెబుదాం అంటారు. చెప్పకపోవడమే ప్రేమ. మా వీధిలో అందరూ అలాగే చేసేవాళ్ళు, నేనూ చేశాను. తరువాతి మూడు వారాలూ ఫోటోలు మంచం మీద నుంచే వచ్చాయి. మూడింటిలో రెండు ఓటములు. నేను మూడూ నిలువుగానే గీశాను.

గ్రేస్ తిరిగి వచ్చిన రోజు అన్నం పెట్టి, తిన్నాక చెప్పాను. ఆమె ఫోన్ తెరిచి ఫోటోలు ఒక్కొక్కటే చూసింది. ప్రాసీకి ఫోన్ చేసి చాలాసేపు తన భాషలో మాట్లాడింది, ఎక్కువగా వింది. ఆ పిల్ల రోజూ తల్లి ఫోన్ కోసం చూసిందట. ఓడిపోయి కాలు విరగ్గొట్టుకున్నానని అమ్మకు కోపం వచ్చింది, అందుకే మాట్లాడలేదు అనుకుందట. గ్రేస్ సామాన్ల గదిలోకి వెళ్ళి నా చివరి నాలుగు గీతలు చూసింది, వాటిని కొట్టెయ్యలేదు. ఆ వారమంతా ఇద్దరం ఒకే సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ మాట్లాడుకోలేదు.

తరువాతి శుక్రవారం ఫోన్లు చేతికి వచ్చాక ఆమే మాట కలిపింది. "నీకు కూడా మీ ఇంట్లో ఇలాగే చెప్తారా?"

అవును, మాలో ఇదే పద్ధతి అన్నాను.

"మీ అమ్మ ముఖం చూసి ఎన్నాళ్ళయింది?"

ఎప్పుడు చేసినా అమ్మ పడుకుని ఉండేది, లేదా పెదనాన్న ఇంటికి వెళ్ళి ఉండేది. ఎన్ని నెలలుగానో నాకు అనుమానం రాలేదు, లేక రానివ్వలేదు. తమ్ముడికి వీడియో చేసి అమ్మను చూపించమన్నాను. ఇప్పుడే గుడికెళ్ళింది అన్నాడు. వచ్చేదాకా ఫోన్ పెట్టను, ఇలాగే కూర్చుంటాను అన్నాను. వాడు ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు.

"అక్కా, అమ్మ పోయి ఏడు నెలలయ్యిందే. నువ్వు ఒక్కదానివీ అక్కడ ఏడుత్తావని సెప్పలేదు."

నేను నేల మీద కూర్చున్నాను. అమ్మ పోయిన నాడు నేనేం చేశాను? ఎంత ఆలోచించినా తెలియలేదు. ఆ ఏడు నెలల్లో పండగకు కొత్త చీర కట్టుకున్నాను, గ్రేస్‌తో పకపకా నవ్వాను. గ్రేస్ వచ్చి నా పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. అసర్ నమాజుకు మేడం ఫోన్ల కోసం వస్తే, రెండూ తనే తీసుకెళ్ళి ఇచ్చి మళ్ళీ వచ్చి కూర్చుంది. చాలాసేపటికి, "తెలిస్తే ఏడుస్తాం. ఏడ్చి లేస్తాం. తెలియకపోతే ఎప్పుడు లేవాలి?" అంది. నన్ను క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

ఆ సీజన్‌లో ఆఖరి ఆట రెండు వారాల తరువాత వచ్చింది. గెలిస్తే రెండో స్థానం, సీటు. ప్రాసీ చంకల్లో కర్రలతో మైదానం అంచున కూర్చుని చూసింది. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయారు. ఫోటోలో ఆ పిల్ల ఏడుస్తూనే వేళ్ళు సరిగ్గా చూపించింది. గ్రేస్ పెన్ను తెచ్చి నాకిచ్చింది.

"రాయి," అంది.

నేను అడ్డ గీత గీశాను. తరువాత నా అబద్ధపు గీతలు మూడింటి మీద కూడా అడ్డ గీతలు గీశాను. ప్రాసీ జట్టు మూడో స్థానంలో ఉంది. నేను కొంగుతో తుడుచుకున్నట్టే గ్రేస్ తన స్కార్ఫ్‌తో ముఖం తుడుచుకుని, నేరుగా మేడం దగ్గరకు వెళ్ళింది. సీటు వచ్చాక కాదు, ఇప్పుడే వెళ్ళాలి, కూతురు లేచి నడవాలి, ఊరికి పంపే ఎగ్జిట్ వీసా కొట్టించమని అడిగింది. కొత్త మనిషి వచ్చేదాకా ఆగమన్నారు. ఆగింది, వెళ్ళింది. ఏడాది తరువాత ప్రాసీ కుంటుతూ చిన్న పిల్లలకు ఆట నేర్పుతోందని కబురు పెట్టింది. కాలేజీ సీటు మాత్రం రాలేదు. ఆ మూడు వారాల్లో తల్లి గొంతు విని ఉంటే ఏమైనా మారేదా అని గ్రేస్ ఎప్పుడూ అనలేదు. నేనే అనుకుంటూ ఉంటాను.

సెలవుకు వెళ్ళినప్పుడు నాకు తెలుగు అక్షరాలు నేర్పమని తమ్ముడినే కూర్చోబెట్టాను. ఏ కబురైనా ఇక మీదట నాకే రాయాలి, నేనే చదువుకోవాలి అన్నాను. వాడు తల వంచుకుని దిద్దించాడు.

పోయిన నెల రాయచోటి నుంచి షాహీనా మరిది నాకు ఫోన్ చేశాడు. షాహీనా నాతో పాటు ఈ హాస్టల్లో పనిచేస్తుంది. షాహీనా నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు, డాక్టర్లు కష్టమన్నారు. "మా వదినకు ఇప్పుడే చెప్పొద్దు మా. ఆడ ఒక్కతే ఉండాది, తట్టుకోలేదు," అన్నాడు. ఆమెకు తెలియాలి, నేను చెబుతాను అన్నాను. పొయ్యి ఆపి, షాహీనాను పిలిచి, ముందు కూర్చోమన్నాను. ఆ మరిది నాతో ఇప్పటికీ మాట్లాడడు. షాహీనా ఆ మధ్యాహ్నం తండ్రితో పదకొండు నిమిషాలు మాట్లాడింది.