మెల్లగా అంటే ఖో చెల్లదు

మొన్న ఆదివారం మా మనవరాలికి బూట్లు కొందామని ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణానికి వెళ్ళాం. పిల్లకి కొన్నాక నాకూ ఒక జత కాన్వాసు బూట్లు ఉంటే బాగుండుననిపించి, అక్కడున్న పొట్టి బల్ల మీద కూర్చుని కాళ్ళు చాపాను. దుకాణంలో పనిచేసే అతను పాపం మర్యాదస్తుడు, నేల మీద గొంతుకూర్చుని రెండు కాళ్ళకీ బూట్లు తొడిగి, బొటనవేలి దగ్గర నొక్కి చూస్తూ "జర టైట్ ఉన్నదా అమ్మా?" అని అడిగాడు. అతను నొక్కుతున్నది నా ఎడమ కాలు. ఆ కాలు పెట్టించుకున్న నాటి నుంచీ ఒక్కసారి కూడా బిగుతని ఫిర్యాదు చెయ్యలేదు నాయనా, రెండోదాన్ని అడుగు అన్నాను. సంగతి అర్థమయ్యేసరికి అతని ముఖం వెలవెలబోయింది. మా మనవరాలికి నా వేళాకోళాలు అలవాటే కనక పకపకా నవ్వింది. కాని తీరా లేవబోతూ నేను అలవాటు కొద్దీ "ఖో!" అని గట్టిగా అనేసరికి, దుకాణంలో వాళ్ళంతా తిరిగి చూశారు, పిల్ల సిగ్గుతో చితికిపోయింది. బయటికి వచ్చాక ఆ అరుపేమిటి నానమ్మా అని నిలదీస్తే, ఇంటికి చేరేదాకా చెబుతూనే ఉన్నాను. దానికి ఎంత అర్థమైందో తెలియదు గాని మీకు అర్థమవుతుంది. గంట కొట్టగానే మట్టిలోకి దూకిన తరం మనది.

రాష్ట్రం ఏర్పడిన కొత్తలో కర్నూలు నుంచి బదిలీ అయి వచ్చిన గుమాస్తాలలో మా నాన్నగారు ఒకరు. మాది కృష్ణా జిల్లా. నాంపల్లి స్టేషను వెనక ఒక ఇంట్లో చిన్న వాటాలో దిగాం, నేను పెరిగిందంతా అక్కడే. చదువు మీద కంటే ఆటల మీద ధ్యాస ఎక్కువ కావడంతో, మా ఇంట్లో అందరూ ముక్కున వేలేసుకుంటున్నా లెక్కచెయ్యకుండా వ్యాయామ శిక్షణ పూర్తిచేసి, నాంపల్లికీ ఆబిడ్స్‌కీ నడుమ ఉన్న ఒక ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేరాను. డ్రిల్లు టీచరంటే అప్పట్లో అందరికీ చిన్నచూపే, అయితే మా పీరియడు కోసం ఎదురుచూసినట్టు పిల్లలు లెక్కల పీరియడు కోసం ఎదురుచూడ్డం నేనెక్కడా చూడలేదు. మొదటిరోజు నేను "పరుగెత్తండి" అంటే పిల్లలంతా ఘొల్లున నవ్వారు. ఇక్కడ "ఉరుకున్రి" అనాలట. సరే అని నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను, ఇంటికెళ్ళి పొరపాటున మా ఆయనతో కూడా అన్నాను. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో పనిచేసే మనిషి, నెమ్మదస్తుడు, ఉరకమంటే ఎక్కడికని అడిగారు.

నా ప్రాణమంతా ఖోఖోలో ఉండేది. మరిచిపోయిన వాళ్ళ కోసం చెబుతున్నాను: ఎనిమిది మంది వరసగా, ఒకరు ఇటు ఒకరు అటు ముఖం పెట్టి గొంతుకూర్చుంటారు, తొమ్మిదో పిల్ల అవతలి జట్టువాళ్ళని తరుముతుంది. తను అందుకోలేననుకున్నప్పుడు, కూర్చున్న వాళ్ళలో ఒకర్ని వెనక నుంచి వీపు మీద తట్టి "ఖో" అంటుంది. తట్టించుకున్నది లేచి ఉరకాలి, తట్టింది ఆ చోట కూర్చోవాలి. ఖో పడకముందే లేచినా ఫౌలే, నోట్లో గొణిగినా ఫౌలే, ఆ మాట గట్టిగా వినపడాలి. కాలేజీ రోజుల్లో నేను తరమడంలో దిట్టని, కూర్చునే వాళ్ళంటే నాకు పెద్ద లెక్కుండేది కాదు.

ఒక వానాకాలం సాయంత్రం, బడి నుంచి వస్తూ స్టేషను ముందు రోడ్డు దాటుతుంటే కాలు జారి పడ్డాను. వెనకే వస్తున్న లారీ ఆగలేకపోయింది. డ్రైవరుని తిట్టుకోను, ఆ వానలో ఎవరైనా ఆపలేరు. దవాఖానలో కళ్ళు తెరిచేసరికి ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. అంతకుముందు రోజు దాకా కాలికి బలపం కట్టుకుని తిరుగుతుందని మా అత్తగారి చేత తిట్లు తిన్నదాన్ని. ఆవిడే ఇప్పుడు మంచినీళ్ళ గ్లాసుతో సహా అన్నీ కుర్చీ దగ్గరికే అందిస్తూ, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళ ముందూ కొంగు నోట్లో కుక్కుకునేది. అమ్మలాంటి మనసు, కాదనను, కాని ఆ ఏడుపు వింటుంటే నేను బతికుండగానే ఇంట్లో నా మైల పడుతున్నట్టుండేది.

మా ప్రధానోపాధ్యాయురాలు కూడా వచ్చారు. ఆవిడ ఇక్కడి పాతకాపు, తరతరాల హైదరాబాదు కుటుంబం, గంజిపెట్టిన నూలుచీర మడత నలగకుండా నడిచేవారు. నా చేతిలో ఒక తాళంచెవి పెట్టి, "ఫికర్ పెట్టుకోకు. లైబ్రరీల కూసో, నౌకరి యాడికి పోదు" అన్నారు. అంత దయగా చెప్పిన మాట నా గుండెలో ములుకులా దిగింది. కూసో. అందరి నోటా అదే మాట. ఉరుకున్రి అని అరిచి బతికిన దాన్ని, పుస్తకాల బీరువాల మధ్య నిశ్శబ్దం అనే బోర్డు కింద ఇక జీవితమంతా కూర్చోవాలా? ఆ రాత్రి మా ఆయన ముందు మొదటిసారి ఏడ్చాను. ఆయన తాళంచెవి తీసి కిటికీలో పెట్టేశారు.

అలా ఎన్ని వారాలు కుర్చీకి అతుక్కుపోయానో, ఒకరోజు మధ్యాహ్నం మా ఖోఖో జట్టు నాయకురాలు ఇంటికొచ్చింది. సుల్తాన్ బజార్‌లో గాజుల దుకాణం వాళ్ళమ్మాయి, జడ ఎంత పొడుగో గొంతు అంత పెద్దది. నా బదులుగా వచ్చిన మాస్టారు కవాతు తప్ప ఏదీ చెప్పడం లేదనీ, దసరా తరవాత బడుల మధ్య జరిగే పోటీకి ఈసారి జట్టునే పంపరట అనీ చెప్పింది. నేనేం చెయ్యనే తల్లీ, చూస్తున్నావుగా అన్నాను. అది చుట్టూ తిరిగి నా కుర్చీ వెనక్కి వెళ్ళి, వీపు మీద చరిచి, ఇల్లు అదిరేలా "ఖో!" అని అరిచింది. "లెవ్వున్రి టీచర్! ఖో పడ్డంక గూడ లెవ్వకపోతే గదేం ఆట? మీరే చెప్పిన్రు కదా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒంటికాలి మీద లేచిందంటారు చూడండి కోపంతో, నేను నిజంగానే లేచాను. చంకకర్రల మాట మరిచి, దాన్ని తిట్టడానికి లేచి నిలబడి, తూలి, సూటిగా దాని మీదే పడ్డాను. ఇద్దరం నేల మీద. మా అత్తగారు వంటింట్లోంచి లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చేసరికి మేమిద్దరం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాం. కాలు పోయాక నేను నవ్వడం అదే మొదలు.

మర్నాడే చంకకర్రలతో, రిక్షాలో బడికి వెళ్ళాను. ఉరికి చూపించలేని దానివి ఎట్లా నేర్పుతావని ప్రధానోపాధ్యాయురాలు అడిగారు, అడగవలసిన మాటే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: పోటీలో మా పిల్లలు గెలిస్తే మైదానం నాది, ఓడితే నోరు మూసుకుని లైబ్రరీకి వెళ్ళాలి. తాళంచెవి మాత్రం దగ్గరే ఉంచుకొమ్మన్నారు. అంటే గెలుస్తామని ఆవిడకి నమ్మకం లేదన్నమాట!

మొదటి రోజులు నరకం. గట్టున కుర్చీలో కూర్చుని అరిస్తే నా గొంతే పోయింది తప్ప ఆట రాలేదు. విసుగొచ్చి ఒకనాడు చీర బొడ్డులో దోపుకుని, పాకుతూ వెళ్ళి, మైదానం నడుమ పిల్లల వరసలో ఒక గడిలో చతికిలబడ్డాను. అక్కడి నుంచి చూస్తే అది వేరే ఆట! ఇన్నేళ్ళూ తరిమినదాన్ని, వీపులే చూశాను; నేల మీద కూర్చుంటే కాళ్ళు కనపడ్డాయి. ఎటు తిరగబోతున్నదో మనిషి కంటే ముందు మడమ చెప్పేస్తుంది. కూర్చున్న పిల్లల్లో ఎవరు ముందు పాదం మీద బరువు వేసి సిద్ధంగా ఉన్నారో, ఎవరు మడమల మీద వాలి బద్ధకిస్తున్నారో నా పక్కనే తెలిసిపోయేది. కాలు పోయాకనే నాకు కాళ్ళు చూడ్డం వచ్చింది. ఉరకడం కాదు, కూర్చోవడం నేర్పాను ఆ ఏడాది. సగం ఆట కూర్చున్న వాళ్ళదే అని నాకప్పుడే తెలిసింది. రోజూ మట్టికొట్టుకుని ఇంటికొస్తుంటే మా అత్తగారు మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది, ఆ తిట్లు వింటే ప్రాణానికి హాయిగా ఉండేది.

పోటీలో మా పిల్లలు ఒక్కో బడినీ మట్టికరిపిస్తూ చివరి ఆట దాకా వెళ్ళారు. ఖైరతాబాద్ వైపు బడి వాళ్ళతో ఆఖరి ఆట. చివరి నిమిషంలో మా నాయకురాలు వరస చివర పాతిన స్తంభం దగ్గర ముందుకు దూకింది, అవతలి పిల్ల జడ చివర తగిలినట్టే తగిలి తప్పిపోయింది, ఈల మోగింది. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. నా చెయ్యి నాకు తెలియకుండానే కొంగుముడిలో ఉన్న తాళంచెవిని తడిమింది.

పిల్లలు ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు, దుమ్ము కూడా దులుపుకోకుండా వచ్చి నా కుర్చీ ముందు వరసగా కూర్చుని, "ఏడ తప్పినం టీచర్?" అని అడిగారు. నేను కప్పునీ మరిచాను, లైబ్రరీనీ మరిచాను. నువ్వు మడమ ఎత్తలేదు, నువ్వు ఖో వినకముందే కదిలావు అని ఒక్కొక్కళ్ళ కాళ్ళ సంగతీ చెప్పుకుంటూ పోతున్నాను. అంతలో వెనక నుంచి వీపు మీద ఎవరో మెత్తగా చెయ్యివేసి, "ఖో" అన్నారు, పక్కవాళ్ళకి కూడా వినీ వినపడనంత సన్నగా. తిరిగి చూస్తే మా ప్రధానోపాధ్యాయురాలు, గంజిచీర కుచ్చిళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని, చెప్పులు దుమ్ములో కూరుకుపోయి, తప్పు చేసిన పిల్లలా నిలబడి ఉన్నారు.

మా పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు: "చెల్లదు మేడం! గట్టిగ అనాలె!"

ఆవిడ ఒకసారి చుట్టూ చూసి, గొంతు సవరించుకుని, పెద్దరికమంతా పక్కన పెట్టి "ఖో!" అని అరిచారు. మైదానమంతా వినపడింది. చంకకర్రలు అందుకుని లేచాను. ఈసారి పడలేదు. ఆవిడ చెయ్యి చాపారు, తాళంచెవి ఇచ్చేశాను.

పదవీ విరమణ దాకా ఆ మైదానంలోనే ఉన్నాను. తరవాత పెట్టుడు కాలు వచ్చింది, దానితో నా పోట్లాటలు చెబితే భారతమవుతుంది. నా చేతి కింద ఆడిన పిల్లలు ఎంతోమంది, కొందరు డ్రిల్లు టీచర్లయ్యారు కూడా. నా దగ్గర నేర్చుకున్న పిల్లలకి కూర్చోవడం వచ్చు, లేవడమూ వచ్చు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, వినయం నటించడం నాకు చేతకాదు.

ఇప్పుడా మైదానంలో సగానికి పైగా భవనం లేచింది, మిగిలిన చోట టీచర్ల కార్లు నిలుపుతారు. నాంపల్లిలో తలెత్తితే మెట్రో. మా మనవరాలు ఖోఖోని టీవీలో చూసింది, దీపాల కింద, చాపల మీద, బట్టలకి మట్టి అంటకుండా. బాగానే ఆడుతున్నారు, కాదనను. మా అత్తగారు లేరు, మా ఆయన లేరు, మా ప్రధానోపాధ్యాయురాలూ వెళ్ళిపోయారు. గాజుల దుకాణం వాళ్ళమ్మాయి మోకాళ్ళ నొప్పులతో ఎక్కడో కూతురి దగ్గర ఉంటోందట. వెనక నిలబడి నా వీపు తట్టేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అందుకే కూర్చున్న చోటి నుంచి లేవాల్సి వచ్చినప్పుడల్లా ఆ మాట నాకు నేనే అనుకుంటాను. దుకాణమైనా సరే, పెళ్ళిపందిరైనా సరే, గట్టిగానే అంటాను. మెల్లగా అంటే చెల్లదు కదా.