అర మిల్లీమీటరు ధైర్యం

ఈ సాయంత్రం సింగపూర్ టాంపినీస్‌లో మా అపార్ట్‌మెంట్ బ్లాకు కింద, పై అంతస్తు సాఫ్ట్‌వేర్ మేధావి స్పీకరు ఫోనులో స్నేహితుడికి పాఠం చెబుతున్నాడు. టెక్సాస్‌లో ఉండే ఆ స్నేహితుడు పిస్తోలు తూటాలు ఇంట్లోనే తయారుచేసుకుంటాడు. వాటిలో కొన్ని పొడవై పిస్తోల్లో పట్టడం లేదట.

"గుండు ఇంకాస్త లోపలికి నొక్కెయ్‌రా, అర మిల్లీమీటరేగా!"

షూటింగ్ క్లబ్బులో ముప్పై ఏళ్లు ఆయుధాలు బాగుచేసినవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

"తూటా తొడుగులో మందు చుట్టూ ఖాళీ తగ్గితే పీడనం పెరిగి పిస్తోలే పగలొచ్చు. తూటాల తయారీ పుస్తకంలో ఇచ్చిన పొడవు కంటే పొట్టి అయ్యేలా నొక్కకూడదు."

"ఏం కాదు లా, అంకుల్! నెట్ ఫోరంలో చదివాను," అని సింగపూర్ యాసలో కొట్టిపారేశాడు.

"రాసినవాడికి వేళ్లెన్ని మిగిలాయో అడిగావా?"

ఫోనులో స్నేహితుడు నెమ్మదిగా అన్నాడు: "అంకుల్, వీడు నిన్న కూడా ఇదే చెప్పాడు, అప్పుడే యాభై నొక్కేశాను. ఇప్పుడు వాటిని కాల్చడానికే షూటింగ్ రేంజికి బయల్దేరుతున్నా."

కాల్చవద్దని, అన్నీ విప్పేయమని చెప్పాను. సరేనన్నాడు. మన మేధావి మాత్రం ముఖం చెల్లక నాతో లిఫ్టు ఎక్కలేదు. పేలేది పరాయి చెయ్యైతే ఎంత ధైర్యమో! మీ బ్లాకులోనూ ఉన్నాడా ఇలాంటివాడు?