నా వెనక పరుగెత్తినవాళ్ళ వెనక నేను

ఒక్క మాటైనా మాట్లాడకుండా నేనొకసారి ఒక బస్టాపు మొత్తాన్ని తప్పుదారి పట్టించాను. ఆ దెబ్బకు నా పీహెచ్‌డీ పోయినంత పనైంది. నవ్వదలచినవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

నా పరిశోధన పక్షుల గుంపుల మీద. వేల గోరింకలు ఆకాశంలో ఒక్కసారిగా మలుపు తిరుగుతాయే, వాటికి నాయకుడంటూ లేడు. ప్రతి పక్షీ తన పక్కవాటిని చూసి, అవి ఎటు తిరిగితే అటు తిరుగుతుంది, అంతే. ఈ చిన్న నియమాన్ని సమీకరణంగా రాసి కంప్యూటర్లో వేస్తే, తెర మీద చుక్కలన్నీ గుంపుకట్టి ఎగురుతాయి. మొదటిసారి చూసినరోజు రాత్రంతా తెర ముందే కూర్చున్నాను. ఇప్పటికీ కూర్చుంటాను.

వైవా రోజు పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు కోసం నిలబడ్డాను. పరీక్షకుడు విశాఖ నుంచి వచ్చాడు, మధ్యాహ్నమే తిరుగు విమానం. ఆలస్యమైతే ఆయన మళ్ళీ ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి. మా దగ్గర బస్సు ఎప్పుడూ స్టాపు దాటి ముందుకెళ్ళి ఆగుతుంది. అందుకని జనమంతా ఒక కాలు ముందుకేసే నిలబడతారు.

అప్పుడే మెట్రో వంతెన మీదుగా గోరింకల గుంపు లేచింది. చీర దులిపినట్టు ఒక్క మలుపు తిరిగింది. వంతెన అడ్డొస్తోందని, తల పైకెత్తుకునే గబగబా ముందుకు నడిచాను. వెనక చెప్పుల చప్పుడు. తిరిగి చూస్తే స్టాపంతా పరుగెత్తుకొస్తోంది. బస్సు వచ్చిందనుకుని నేనూ పరుగందుకున్నాను.

పెట్రోల్ బంకు దాకా వెళ్ళి ఆగాం.

"బస్సేదక్కా?" అన్నాను రొప్పుతూ, పక్కన సంచి పట్టుకున్నావిడతో.

"నన్నడుగుతవేంది తమ్మీ? నువ్వు పోతున్నవనే గదా మేం ఉరికినం."

"నేను పిట్టల్ని చూస్తున్నానక్కా."

"పిట్టల్ని చూడనీకి గంత ఉరుకుడెందుకు?"

అంతలో బస్సు వచ్చి, నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, సరిగ్గా స్టాపు దగ్గరే ఆగింది. అక్కడ నరమానవుడు లేడు. మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళిపోయింది.

అందరూ నన్ను తిట్టారు. నాకవేవీ వినపడలేదు. నా సమీకరణం చెప్పులేసుకుని నా కళ్ళముందే పరుగెత్తింది, ఆ ఆశ్చర్యంలోనే ఉన్నాను.

ఆటోలో యూనివర్సిటీ చేరేసరికి పరీక్షకుడు బ్యాగు సర్దుకుంటున్నాడు. జరిగిందంతా చెప్పాను.

"ముందు కదిలింది ఎవరండీ?" అన్నాడాయన.

నేనేనని ఒప్పుకుంటే గుంపుకు నాయకుడున్నట్టే, థీసిస్ గంగలో కలిసినట్టే.

"నేనేనండీ. కానీ పరుగెత్తింది మాత్రం వాళ్ళను చూసి."

"మరి వాళ్ళో?"

"నన్ను చూసి."

ఆయన బ్యాగు కింద పెట్టాడు. "అయితే నాయకుడెవరూ లేనట్టే. కూర్చోండి, డాక్టరుగారూ."

ఆ డాక్టరేటు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ బస్టాపులోనైనా, ఎందుకు కదులుతున్నానో పక్కవాళ్ళకు విన్నవించుకోకుండా అడుగు తీసి అడుగు వేయను.