పుస్తకాలను రుచి చూసిన మా అత్తయ్యగారు

మా అత్తయ్యగారు పోయారు. ఈ నెల సమీక్ష మీకు అందకపోవడానికి కారణం అదే. మధ్యాహ్నం భోజనం చేసి వసారాలో చాప వేసుకుని పడుకున్నారు, కాఫీకి లేపుదామని వెళ్తే లేవలేదు. ముందు రోజు పెరట్లో మా అమ్మాయి వెనకాల పరుగెత్తిన మనిషి. జబ్బూ లేదు, మంచం పట్టిందీ లేదు. చూడవచ్చిన వాళ్ళందరూ అదృష్టవంతురాలన్నారు. నాకు మాత్రం చెప్పకుండా వెళ్ళిపోయారని కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అయినా ఇది ఏడుస్తూ రాస్తున్నది కాదు. ఆవిడ గురించి ఏడుస్తూ నాలుగు వాక్యాలు రాయడం నా వల్ల కాదని మొదలుపెట్టగానే తెలిసిపోయింది.

పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న అమ్మానాన్నల కోసం నేను ఈ పేజీ నడుపుతున్నానని మీకు తెలుసు. పాఠాల ఈ-పుస్తకాలు, ఇంటిల్లిపాదీ కలిసి చేసే ఆటల ఈ-పుస్తకాలు తెప్పించుకుని, ఏది పనికొస్తుందో ఏది అక్కర్లేదో రాస్తుంటాను. అందరూ నక్షత్రాలిచ్చే చోట మేము ‘వండొచ్చు’, ‘నానబెట్టాలి’, ‘పొయ్యెక్కదు’ అని ఇస్తాం. ఉన్నపళంగా ఇంట్లో వస్తువులతో చేసేయగలిగితే వండొచ్చు. మంచిదే గానీ పెద్దవాళ్ళు ముందు కాస్త కష్టపడాలంటే నానబెట్టాలి. తెర మీద చూడ్డానికి తప్ప ఇంకెందుకూ పనికిరాకపోతే పొయ్యెక్కదు. ఈ తీర్పులు మా అత్తయ్యగారివి. మాటలూ ఆవిడవే. వాటిని టైపు చేయడం ఒక్కటే నా వంతు.

మాది రాజోలు దగ్గర కాలవ గట్టు మీద ఊరు. మావయ్యగారు గుళ్ళో అర్చకులు. మా ఆయనకి తాటిపాకలో షిఫ్టుల ఉద్యోగం. మా అమ్మాయి మాటలొచ్చిన దగ్గర్నుంచీ ప్రశ్నల పుట్ట. కొబ్బరికాయలోకి నీళ్ళు ఎవరు పోశారు, కాలవకి కాళ్ళు నొప్పెట్టవా, దేవుడికి తాతయ్య తలుపు తాళం వేస్తే భయం వెయ్యదా. బళ్ళో వేశాక ఆ ప్రశ్నలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వ్యానులో నిద్రపోతూ వెళ్ళేది, నిద్రపోతూ వచ్చేది. ఏం చెప్పినా తలూపేది. అంత బుద్ధిమంతురాలిని నేను భరించలేకపోయాను. బడి మానిపించి ఇంట్లో నేనే చెబుతానన్నాను.

మావయ్యగారికి అస్సలు నచ్చలేదు. “పిల్లన్నాక బడి ఉండాలి. బడి లేని చదువేవిటమ్మా?” అన్నారు.

అత్తయ్యగారు కూర తరుగుతూ తలెత్తకుండానే, “మీరే బడికెళ్ళేరండీ? మీ నాన్నగారు ఈ వసారాలో కూచోబెట్టే కదా చెప్పేరు,” అన్నారు.

మావయ్యగారు ఉత్తరీయం సర్దుకుని, వేళ కాకపోయినా, గుడికి వెళ్ళిపోయారు. ఆ తరవాత ఆ విషయం మీద ఆయన నోరు విప్పలేదు. ఒప్పుకున్నారని కాదు. మా పాఠాలు జరిగే చోటికి ఆయన వచ్చేవారు కాదు, అంతే.

అత్తయ్యగారు మాత్రం నాకొక షరతు పెట్టారు. “దేవుడికి పెట్టేది రుచి చూడకూడదు. పిల్లకి పెట్టేది రుచి చూడకుండా పెట్టకూడదు. నువ్వు తెచ్చే పుస్తకాలు ముందు నాకు చదివి చెప్పు. నేను చేసి చూసేకే దానికి.”

అలా మొదలైంది. ఆవిడ మడి కట్టుకుని వంట చేస్తుంటే నేను వంటింటి గడప ఇవతల ట్యాబ్ పట్టుకుని నిలబడి చదివేదాన్ని. ట్యాబ్ ముట్టుకునేవారు కాదు. అక్కణ్ణించే మెడ సాచి బొమ్మలు చూసేవారు. ఈ పుస్తకాల్లో చాలావరకు ఎక్కడో మంచు కురిసే చోట రాసినవి. ఐస్‌ఫ్రూట్ పుల్లలు కావాలంటే ఆవిడ కొబ్బరి ఈనెలు తీసేవారు. రంగు కాగితాలు కావాలంటే పసుపు, బీట్‌రూట్ రసం, బచ్చలిపళ్ళ రసం. ఒక పుస్తకంలో దుర్భిణీ చేయడానికి అట్ట గొట్టాలు కావాలని ఉంది. ఎక్కడ దొరుకుతాయని అడిగారు. బాత్‌రూముల్లో వాడే కాగితపు చుట్ట అయిపోయాక మిగిలే గొట్టాలని చెప్పాను. ఆవిడ గరిటె వదిలేసి నవ్వడం మొదలుపెట్టారు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, ఆవిడ నవ్వు ఆగలేదు. “అవి తెచ్చి పిల్ల కళ్ళకి పెడతావుటే?” అని కళ్ళు తుడుచుకుని, పెరట్లోకి వెళ్ళి రెండు బొప్పాయి కాడలు కోసుకొచ్చారు. వాటిని ఈనెతో కలిపి కట్టి మా అమ్మాయికిచ్చారు. కాడలు సన్నం, అందులోంచి చూస్తే కాకికి కన్నొక్కటే కనిపించేది. మా అమ్మాయి వారం రోజులు ఊళ్ళో ఉన్న కళ్ళన్నీ చూసి వచ్చింది.

ఇక నిమ్మకాయ సంగతి. పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కొత్తగా చేరిన వాళ్ళ కోసం చెబుతున్నాను. ఒక సైన్సు పుస్తకంలో, గుడ్డు మంచినీళ్ళలో మునుగుతుంది, నీళ్ళలో ఉప్పు బాగా కలిపితే తేలుతుంది, చేసి చూడండి అని ఉంది. చదివి చెప్పి నేను బజారుకి వెళ్ళాను. వచ్చేసరికి తీర్పు సిద్ధంగా ఉంది. “పొయ్యెక్కదు. ఉప్పు వెయ్యకుండానే తేలిపోయింది. పుస్తకం తప్పు. అలాగే రాయి,” అన్నారు. ఆవిడ మాట మీద నాకు అంత నమ్మకం. రాసేశాను. మర్నాడు కొత్తపేట నుంచి ఒక అమ్మ అడిగింది, “మా ఇంట్లో మునిగిందండీ. మీరు ఎలాంటి గుడ్డు వేశారు?” అని.

అప్పుడు వెళ్ళి అడిగాను.

“మనింట్లో గుడ్డెక్కడిదే? నిమ్మకాయ వేసేం. గుండ్రంగా ఉంటే చాలదూ?”

అర్చకుల ఇంట్లో తప్ప ఇలాంటి ప్రయోగం ఇంకెక్కడా జరగదు. నిమ్మకాయ మామూలు నీళ్ళలోనే తేలుతుందని నేను చెప్పగానే ఆవిడ మొహం చిన్నబోతుందనుకున్నాను. దానికి బదులు వెలిగిపోయింది. “అయితే ఏది మునుగుతుందో చూద్దాం రావే,” అని మా అమ్మాయిని కేకేశారు. ఇంట్లో ఉన్న వంకాయలు, దొండకాయలు, కంద ముక్క, చింతగింజ, అన్నీ బకెట్లోకి వెళ్ళాయి. చివరికి బంగాళాదుంప పుస్తకంలో గుడ్డు చేసిన పనే చేసింది. మంచినీళ్ళలో మునిగి, ఉప్పునీళ్ళలో తేలింది. ఇద్దరూ చప్పట్లు కొట్టారు. ఆ పూట వంట ఆలస్యమైంది, ఉప్పునీళ్ళలో ఈదిన కూరగాయలతోనే పులుసు పెట్టారు. మావయ్యగారు అది తిని, చెంబెడు నీళ్ళు తాగి లేచారు.

సవరణ ఆవిడే చెప్పి రాయించారు. “తప్పు పుస్తకానిది కాదు, మా నిమ్మకాయది. గుడ్డు లేని ఇళ్ళవాళ్ళు బంగాళాదుంప వేసుకోండి.” అప్పట్నుంచి ప్రతి సమీక్ష చివరా ‘మేం మార్చి చేసినవి’ అని ఒక ముక్క చేర్చడం అలవాటైంది. సిగ్గుగా అనిపించలేదా అని ఒకసారి అడిగితే, “తప్పొస్తే ఇంకోసారి ఆడుకోవచ్చుగా,” అన్నారు.

నీడ గడియారం చేసిన రోజు ఇంకో సరదా. పుల్ల పాతి, గంట గంటకీ నీడ ఎక్కడికి జరిగిందో గుర్తు పెట్టాలి. పుస్తకం రాసినవాళ్ళకి మా కొబ్బరితోటల సంగతి తెలియదు. మా పెరట్లో ఎండ నేల మీద పడేది చిల్లర నాణేలంత. ఆవిడా మా అమ్మాయీ పుల్ల పట్టుకుని ఎండ కోసం ఊరంతా తిరిగారు. చివరికి ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చు దగ్గర ఎండ దొరికింది. అక్కడ గింజలు తిరగేస్తున్న రైతు, “ఆయ్, మీరు కానివ్వండమ్మగారూ, నేను గింజలు అటు లాక్కుంటానండి,” అని చోటిచ్చాడు. నేను గొడుగు తీసుకెళ్ళేసరికి ఇద్దరూ మట్టిముద్దలో పుల్ల గుచ్చి కాపలా కాస్తున్నారు. గుళ్ళోంచి వస్తున్న మావయ్యగారు మమ్మల్ని చూశారు. ఎవరో తెలియనట్టు తల పక్కకి తిప్పుకుని, ఎప్పుడూ లేనంత వేగంగా నడిచి వెళ్ళిపోయారు. “చూసేవా, మీ తాతగారి నీడ ఎంత పొట్టిదైపోయిందో. పన్నెండైనట్టే,” అన్నారు ఆవిడ. మా అమ్మాయి అక్కడే గుర్తు పెట్టింది.

ఏ పుస్తకం ముగించినా నన్ను ఆవిడ ఒకటే అడిగేవారు. “పిల్ల ఏవడిగింది?” ఏం నేర్చుకుంది అని అడగ్గా నేనెప్పుడూ వినలేదు. బొమ్మలు ఎంత బాగున్నా, రాసినవాళ్ళ పేరు వెనక ఎన్ని డిగ్రీలున్నా, అది చేశాక మా అమ్మాయి కొత్త ప్రశ్న వెయ్యకపోతే పొయ్యెక్కదు. మా అమ్మాయి మళ్ళీ ప్రశ్నల పుట్ట అయింది ఆ వసారాలోనే. ఆవిడకి నేను పడ్డ రుణం అది, తీర్చుకునేది కాదు.

చివరగా మేం చూస్తున్నది ఇంటి కథల పుస్తకం. పాత ఫొటోలు ముందేసుకోవడం, వంశవృక్షం గీయడం, అమ్మమ్మ కాలం నాటి వంటకం ఒకటి వండటం. అన్నీ చేశారు. చివరి పేజీ ఒక్కటి మిగిలింది. మీ మామ్మని ఎదురుగా కూచోబెట్టుకుని ఈ ప్రశ్నలు అడగండి అని ఉంది అందులో. ఆ పేజీ చదివినప్పుడల్లా ఆవిడ వాయిదా వేసేవారు. “నన్ను నేనే ఎలా రుచి చూసుకోనే? వచ్చేవారం చూద్దాంలే.” ఆ వచ్చేవారం రాలేదు.

ఆవిడ పోయాక మా అమ్మాయి పెద్దగా ఏడవలేదు. మళ్ళీ తలూపడం మొదలుపెట్టింది. తింటావా అంటే తలూపేది, పడుకుంటావా అంటే తలూపేది. మామ్మ ఎక్కడికి వెళ్ళిందని కూడా అడగలేదు. దానికి నేను సిద్ధం చేసుకున్న జవాబులన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. పన్నెండో రోజు అయిపోయి చుట్టాలు వెళ్ళాక మావయ్యగారు నన్ను పిలిచి మెల్లిగా అన్నారు.

“జూన్లో బళ్ళో వేసేద్దావమ్మా. మీ అత్తగారున్నప్పుడు ఆ మాట వేరు. ఆవిడ లేకుండా నువ్వొక్కదానివీ ఏం లాగుతావు?”

పిల్లని చూస్తే ఆయన చెప్పిందే నిజమనిపించింది. ట్యాబ్ చార్జింగు కూడా పెట్టకుండా బీరువా మీద పడేశాను. ఈ పేజీ ఇక ఆపేస్తున్నానని మీకు ఎలా రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను.

మొన్న పొద్దున్న నేను వంటింట్లో ఉన్నాను. మావయ్యగారు ఇంకా గుడికి వెళ్ళడం మొదలుపెట్టలేదు, వసారాలో కుర్చీలో ఊరికే కూచుని ఉన్నారు. మా అమ్మాయి స్టూలు వేసుకుని ట్యాబ్ దించుకున్నట్టుంది, నేను గమనించలేదు. దాని గొంతు వినిపించి తొంగి చూశాను. తాతయ్య ఎదురుగా నేల మీద మఠం వేసుకుని, మిగిలిపోయిన ఆ చివరి పేజీ తెరిచి పెట్టుకుంది.

“తాతయ్యా, మామ్మకి దేనికి భయం?”

ఆయన భుజం మీద కండువా సర్దుకున్నారు. లేచి వెళ్ళిపోతారనుకుని నేను గడప దగ్గరే ఆగిపోయాను.

“నీళ్ళంటే భయవమ్మా,” అన్నారు చివరికి. “పెళ్ళయి మనూరు తీసుకొస్తుంటే గోదారి దాటడానికి పంటు ఎక్కాల్సొచ్చింది. జనం, సైకిళ్ళు, గేదెలు, అన్నీ దాని మీదే. మీ మామ్మ కళ్ళు గట్టిగా మూసేసుకుని నా కండువా కొస పట్టుకుంది. అంతకు ముందు నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఒడ్డొచ్చేసింది, జనం దిగిపోతున్నారు, కళ్ళు తెరవదు, కండువా వదల్దు.”

“నువ్వు చెప్పలేదా ఒడ్డొచ్చిందని?”

“చెప్పలేదు.”

“ఎందుకు చెప్పలేదు తాతయ్యా?”

మావయ్యగారు నవ్వారు. నేను ఈ ఇంటికి వచ్చాక ఆయన అలా నవ్వడం చూడలేదు. భుజం మీద కండువా తీసి కళ్ళు తుడుచుకుని, దాని కొస మా అమ్మాయి చేతిలో పెట్టారు, ఎలా పట్టుకుందో చూపించడానికి. మా అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆపైన ఒకదాని మీద ఒకటి, దాని ప్రశ్నలు. పంటు ఎవరు నడిపారు, గేదెలు భయపడలేదా, మామ్మ ఎప్పుడు కళ్ళు తెరిచింది, తెరిచాక నిన్ను తిట్టిందా. ఆయన ఒక్కటీ వదలకుండా చెబుతున్నారు. కుర్చీ ఎప్పుడు వదిలేశారో, మనవరాలి పక్కనే నేల మీద కూచుని ఉన్నారు.

భోజనాల వేళ దాటిపోయింది. గడప దగ్గరికి వెళ్ళి, “వడ్డించమంటారా మావయ్యగారూ?” అని అడిగాను.

ఆయన నావైపు తిరక్కుండానే చెయ్యెత్తి ఆగమన్నారు.

“ఉండమ్మా, మేవింకా పంటు దిగలేదు,” అన్నారు.