ఎల్వుడ్‌కి చావడం చేతకాదు

ఎల్వుడ్ సీక్రిస్ట్ ఒక్కచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. మా యార్క్ కౌంటీలో ఇళ్లకు పైకప్పులు వేస్తాడు. నిచ్చెన దిగాక కూడా కాళ్లు ఆడుతూనే ఉంటాయి. చర్చిలో అతని పక్కన కూర్చుంటే బెంచీ మొత్తం ఊగుతుంది. అలాంటి మనిషికి పట్టిన పిచ్చి ఏమిటంటే, యుద్ధం సినిమాలో ఒక్కసారైనా శవంగా కనపడాలని.

రోమన్లు కత్తులతో పొడుచుకునేవి, మా స్వాతంత్ర్య యుద్ధం నాటివి, ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్న అంతర్యుద్ధం నాటివి, బురద కందకాల్లో జర్మన్లతో తలపడేవి, అతను చూడని యుద్ధం సినిమా లేదు. అయితే హీరో ఎవరో అడగండి, చెప్పలేడు. టీవీకి ముక్కు ఆనించి వెనకాల పడి ఉన్న శవాల్ని పరీక్షగా చూస్తుంటాడు. మంచులో పడున్నవాడి ముక్కులోంచి ఆవిరి వచ్చిందా, అంతే, ఆ సినిమా దండగ అంటాడు. అతనికి ప్రాణమైన సినిమాలో విరిగిన రథం కింద ఒక రోమన్ పడి ఉంటాడు. పెదవి మీద ఈగ పాకినా వాడు ఉలకడు, పలకడు. ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా ఎల్వుడ్ టోపీ తీస్తాడు.

మాకు ఒక కంపెనీ ఉంది, సైన్యంలో దళం లాంటిది. ఎండాకాలం శని, ఆదివారాల్లో అంతర్యుద్ధం నాటి ఉన్ని కోట్లు తొడుక్కుని పొలాల్లో ఉత్తుత్తి యుద్ధాలు చేస్తాం. నేను కెప్టెన్ని. మా పెద్ద తలనొప్పి చావు. అంత దూరం కారు నడుపుకుంటూ వచ్చి, తుపాకీలో మందు కూరుకుని, మొదటి తూటాకే ఎవడు పడతాడు? అందుకని పుట్టిన నెలలు చూసి చంపుతాం. మొదటి కాల్పులకు జనవరి, ఫిబ్రవరిలో పుట్టినవాళ్లు పడాలి, తర్వాత మార్చివాళ్లు. ఎల్వుడ్ పుట్టింది డిసెంబరులో. అయినా అందరికంటే ముందు తానే పడతానని నా ప్రాణం తీస్తాడు. తీరా పడ్డాక, ఎవరు గెలుస్తున్నారోనని తలెత్తి చూస్తాడు.

సినిమావాళ్లు గుంపులో నిలబడటానికి మమ్మల్ని పిలుస్తుంటారు. అలా మూడు యుద్ధాల్లో చచ్చాడు ఎల్వుడ్. ఒకదాంట్లో గోక్కున్నాడు, ఒకదాంట్లో తుమ్మాడు, మూడోదాంట్లో గుర్రం దగ్గరికొస్తే కాలు ముడుచుకున్నాడు. మూడింట్లోనూ అతనున్న ముక్క కత్తిరించేశారు. సిగ్గుపడతాడా? ఇంటికొచ్చినవాళ్లకు ఆ సినిమాలే వేసి, ఆ పొదకు ఇవతల నేనుండాల్సింది అని చూపిస్తాడు.

ఇంట్లో సాధన సరేసరి. గ్యారేజీలో పడతాడు, గడ్డిలో పడతాడు. ఒకసారి ఉత్తరాలిచ్చే ఆవిడ హడలిపోయి అంబులెన్సును పిలిచింది. భార్య ఆర్లీన్ బడి క్యాంటీన్లో వంట చేస్తుంది. ఆమెకు అలవాటైపోయి మార్కులు వేసేది.

పోయిన మార్చిలో ఆమె కోడిమాంసం, మొక్కజొన్న గింజలు వేసి సూపు కాస్తుంటే వంటింట్లో దబ్బున పడ్డాడు. మరీ నాటకంలా ఉంది, చేతులు అంతగా చాపకు అందామె. అతన్ని దాటుకుని అటువైపు అలమరలో ఉప్పు తీసుకుంది, మళ్లీ దాటుకుని వచ్చింది. సూపు రుచి చూసి వెనక్కి తిరిగాక అతని పెదవులు నీలంగా కనిపించాయి. గుండెపోటు. డాక్టర్లు ఎలాగో బతికించారు.

అప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. అతను కాసేపు మెదలకుండా ఉంటే చాలు, వేలితో పొడుస్తుంది. బతికే ఉన్నానని అతను విసుక్కుంటాడు. మా ఆవిడ ఎంత ధైర్యం చెప్పినా ఆర్లీన్‌ది ఒకటే మాట: "ఆయన్ని దాటుకుంటూ వెళ్లి ఉప్పు తెచ్చుకున్నాను."

సెప్టెంబరులో అంతర్యుద్ధం సినిమా ఒకటి తీయడానికి మా దగ్గర్లోకి వచ్చారు. యుద్ధం అయిపోయాక ఒక భార్య శవాల మధ్య మొగుణ్ణి వెతుక్కునే ఘట్టం ఉంది. జబ్బుపడి లేచిన ఎల్వుడ్ పీక్కుపోయిన మొహం చూసి, శవం ఇతనే అన్నారు. వెంట వచ్చిన ఆర్లీన్ నిద్రలేని కళ్లు చూసి, భార్య ఈమె అన్నారు. ఇద్దరూ నిజంగానే మొగుడూపెళ్లాలని తెలిసి మురిసిపోయారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. వద్దని చెప్పమని ఆర్లీన్‌తో అన్నాను.

"పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదొక్కటే అడుగుతున్నాడు కెప్టెన్. నేను వద్దంటే ఇంక ఎవరిస్తారు?" అందామె.

సినిమా తీసే రోజు పొద్దున ఎల్వుడ్ నా దగ్గరికి రెండుసార్లు వచ్చాడు. ఈసారి కదిలితే కంపెనీలోంచి తీసెయ్యమన్నాడు. తర్వాత వెళ్లి బురదలో పడుకున్నాడు. నేను రెండడుగుల దూరంలో కంచె దగ్గర తుపాకీ పట్టుకుని, కుడికాలి మీదినుంచి ఎడమకాలి మీదికి మారుతూ నిలబడ్డాను.

కెమెరా తిరిగింది. ఆర్లీన్ ఒక్కో శవాన్నీ చూసుకుంటూ వచ్చి, బోర్లా పడున్న ఎల్వుడ్‌ని వెల్లకిలా తిప్పింది. అతను కదల్లేదు. రెప్ప కూడా అదరలేదు. ఉన్ని కోటు కింద ఊపిరి తెలియడం లేదు. ఇన్నేళ్లుగా ఎరిగిన నాకే భయమేసింది. ఆమె ఏడుస్తూ అతని గుండె మీద వాలాలి, అంతవరకే ఆమె పని. మోకాళ్ల మీద కూర్చుని అతని ఛాతీ మీద చెయ్యి పెట్టింది. మెడ మీద పెట్టింది. భుజాలు పట్టి ఊపడం మొదలుపెట్టింది. అద్భుతంగా చేస్తోందనుకుని డైరెక్టర్ కెమెరాను ఇంకా దగ్గరికి జరిపించాడు.

"ఎల్వుడ్, ఇంక చాలు. ఒక్కసారి కదులు," అంది ఆర్లీన్, లోగొంతుకతో.

ఆ మాట అతనికి వినపడింది, నాకూ వినపడింది. ఇంకొక్క క్షణం బిగబట్టి ఉంటే చాలు, అతను కోరుకున్న సినిమా అతనికి దక్కేది. అతను కళ్లు తెరిచాడు. లేచి కూర్చుని, కెమెరాకు వీపు పెట్టి ఆమెను దగ్గరికి తీసుకున్నాడు. ఇదిగో చెయ్యి, ఇదిగో కాలు అంటూ ఒక్కొక్కటే కదిపి చూపించాడు. ఆమె ఏడ్చిన ఏడుపు నటన కాదు. నాకూ ఆగలేదు, టోపీ కిందికి లాక్కున్నాను.

డైరెక్టర్ మనిషి పరిగెత్తుకొచ్చి, వెలుతురు పోకముందే ఇంకొక్కసారి తీద్దాం, కదలకుండా పడుకుంటే ఇతని మొహం తెర నిండా ఉంటుందని బతిమాలాడు.

"ఇంకెవర్నైనా చూసుకోండి," అన్నాడు ఎల్వుడ్ బురద దులుపుకుంటూ. "ఈవిడ ముందు నేను చావలేను."