హాజరు పట్టీలో లేని మూడో అక్షరం

ముందు వినిపించింది ఇనుము ఏడుపు. సన్నగా, తెగీ తెగనట్టు, పంటి కింద ఇసుక పడినట్టు. కాసేపు ఆగింది. ఆ ఆగిన చోట ఇంకో చప్పుడు, బూటు మడమ నేలకు తగులుతున్న చప్పుడు. టక్, టక్, టక్. ఎవరో కూర్చున్న చోటి నుంచే నడిచి ఎక్కడికో వెళ్లిపోతున్నట్టు. మళ్లీ ఇనుము ఏడ్చింది.

మెట్ల కింద ఇరికించిన ఆ తాళాల కొట్టులో మనిషి కనబడాలంటే వంగి చూడాలి. గోడ నిండా ఇంకా కోయని తాళంచెవులు, పళ్లు రాని పసివాళ్లలా వేలాడుతున్నాయి. వాటి వెనక మిషన్ మీదికి వంగి ఒక అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయేమో. కళ్లద్దాల మీద ఇత్తడి పొడి, వేకువలో మిగిలిపోయిన చుక్కల్లా.

"ఒక్క నిమిషం అక్కా, దీనికి పళ్లు తోముతున్నాను" అంది తలెత్తకుండా.

కొట్టు యజమాని బయట స్టూలు మీద కూర్చుని ఒక తాళానికి నూనె పోస్తున్నాడు. ఆ అమ్మాయి ఆయన్ని బాబాయ్ అంటుంది గానీ ఏ చుట్టరికమూ లేదు. "ఏం చేయించుకున్నా ఇవాళే చేయించుకోండమ్మా. రేపు శనివారం. మా సిపాయి యుద్ధానికి పోతుంది" అన్నాడు నాతో.

"యుద్ధం కాదు బాబాయ్, కవాతు."

"ఏదైతేనేం. రెండ్రోజులు ఇక్కడ పోరాడేది నేనే."

ఆమె రిజర్వు దళంలో సిపాయి. నెలకు రెండు వారాంతాలు శిక్షణ, ఏడాదికి పదిహేను రోజుల శిబిరం, వరదో మంటలో వస్తే కబురందిన గంటలో వెళ్లి వరుసలో నిలబడాలి. మిగతా రోజుల్లో పొద్దున ఏడు నుంచి పది దాకా కాలేజీ, గణితం డిగ్రీ, చివరి ఏడాది. పదిన్నర నుంచి చీకటి పడేదాకా ఈ కొట్టు. యూనిఫాం కౌంటరు కింద రెండు అట్టల మధ్య నలగకుండా ఉంటుంది. దాని మీద పుస్తకాలు బరువుగా పెడుతుంది. చదువు ఇస్త్రీకి కూడా పనికొస్తుందని బాబాయ్ వేళాకోళం.

స్కూల్లో ఆఖరి ఏడు ఉండగా గోడ మీద ఒక పోస్టరు చూసిందట. "మీ ఖాళీ సమయం చాలు" అని ఉంది దాని మీద. ఇంటికొచ్చి చెబితే, ఆసుపత్రికి దుప్పట్లు కుట్టే వాళ్లమ్మ నోట్లోంచి సూది తీసి, "నీకు ఖాళీ ఎక్కడిదే? అన్నం కూడా నిలబడే తింటావు" అందట.

"మరెందుకు చేరావు?" అని అడిగాను.

"వాళ్లు నేను కావాలన్నారక్కా. అప్పటిదాకా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, పక్కకి జరుగు అని తప్ప."

చేరింది. ఆ రోజు నుంచి ఒకే మాట ఆమె వెంట పడింది. "ఇష్టపడే చేరావుగా?" శనివారం సెలవడిగితే కొట్టులో అదే మాట. శిబిరం పదిహేను రోజులూ పాఠాలు పోయాయంటే కాలేజీలో అదే మాట. రేపు పరీక్ష ఉంది, కవాతు నుంచి గంట ముందు వదలమంటే దళంలో హవల్దారు నోటా అదే మాట. ఎవరి గుమ్మం ముందు నిలబడినా ఆమె ఇష్టాన్నే తెచ్చి తలుపుకి గొళ్లెంగా పెట్టేవాళ్లు. మనిషి ఒకసారి ఇష్టపడితే, ఇక ఆ మనిషిని ఎంతైనా వాడుకోవచ్చని ఎవరు రాసిచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

కాలేజీ హాజరు పట్టీలో రెండే అక్షరాలు. వస్తే "హా". రాకపోతే "గై". గైర్హాజరుకి అది పొట్టి పేరు. ముప్పై ఎనిమిదో నంబరు ఎదురుగా గైలు ఎక్కువ కాబట్టి తరగతిలో ఆమెకు "గై" అనే పేరే నిలబడిపోయింది. "గై వచ్చిందిరోయ్" అని వెనక బెంచీలు పాడేవి. ఆమే నవ్వుతూ చెప్పింది నాకు. దళం నుంచి కాలేజీకి ఉత్తరం వెళ్లింది. సేవలో ఉన్న రోజులు హాజరు కిందే లెక్కించాలని అందులో స్పష్టంగా ఉంది. ఆ ధీమాతోనే ఆమె నవ్వగలిగింది.

ఆ ఏడాది వానలు నాలుగు రోజులు వదల్లేదు. నది గట్టు దాటి పల్లపు వీధుల్లోకి వచ్చింది. కాలేజీ నేలమాళిగలోకీ వచ్చింది. పాత దస్త్రాలన్నీ అక్కడే. కాలేజీ మాత్రం మూయలేదు. పరీక్షలు దగ్గర పడ్డాయి, పాఠాలు మిగిలాయి, మిట్టన ఉన్న పిల్లలు ఎలాగో వస్తున్నారు. అంచేత రెండో అంతస్తులో పాఠం, నేలమాళిగలో నీళ్లు, మధ్యలో మెట్ల మీద రిజర్వు దళం.

మెట్టుకొకరు నిలబడి పెట్టెలు చేతులు మారుస్తున్నారు. వరుసలో రెండే మాటలు మాట్లాడాలి. "అందుకో." "అందింది." మూడో మాటకి ధ్యాస చెదురుతుంది, పెట్టె జారుతుంది, కింది మెట్టు మీద మనిషి తల పగులుతుంది. వరుసలో ఆమెది పై చివర. అందుకున్న పెట్టెను తరగతి పక్క గదిలో పేర్చి, దాని మీద సుద్దతో తన దళం నంబరు, తేదీ రాసి, మళ్లీ చేతులు చాపాలి. తలకి హెల్మెట్, ఒంటికి వానకోటు, మొహానికి బురద. అక్కడున్న పన్నెండు మందీ ఒకే అచ్చులో పోసినట్టున్నారు.

పది అడుగుల దూరంలో, తెరిచిన తలుపులోంచి, మేష్టారి గొంతు.

"ముప్పై ఏడు?"

"హాజరు సార్."

"ముప్పై ఎనిమిది?"

ఆమె రెండు చేతుల్లో పెట్టె. ఆ పెట్టెలో ఏముందో పైన చీటీ ఉంది: పాత హాజరు పట్టీలు. కింది మెట్టు మీద హవల్దారు, అతని భుజం మీద మరో పెట్టె.

"ముప్పై ఎనిమిది?" రెండోసారి పిలిచారు.

"గై, సార్" అన్నారెవరో. తరగతంతా నవ్వింది. వాన కూడా నవ్వినట్టే వినిపించిందక్కా అంది నాతో. ఆమె మాత్రం అనాల్సిన మాటే అంది. "అందింది."

రెండు నెలల తర్వాత నోటీసు బోర్డు మీద పరీక్ష రాయడానికి అర్హులైన వాళ్ల నంబర్లు అంటించారు. ముప్పై ఏడు తర్వాత ముప్పై తొమ్మిది ఉంది. నూట ముప్పై అయిదు రోజుల హాజరు కావాలి. ఆమెకి నూట ముప్పై రెండు. ఆ వరద నాలుగు రోజులూ గై.

ఆఫీసులో గుమాస్తా ఆమెను కూర్చోమనలేదు.

"దళం నుంచి ఉత్తరం వచ్చింది కదా సార్?"

"వచ్చింది. భేషుగ్గా వచ్చింది. ఫైల్లో ఉంది."

"మరి ఆ రోజులు..."

"అమ్మాయ్, పట్టీలో హా ఉంది, గై ఉంది. సేవలో ఉన్నవాళ్లకి మూడో అక్షరం ఏదీ? ఉంటే చూపించు, ఇప్పుడే రాసేస్తా."

"హా రాయచ్చు కదా సార్."

"రాని మనిషికి హా ఎలా రాస్తాను? అబద్ధం అవుతుంది." నిజం పట్ల అంత భక్తి ఉన్న మనిషి ఆ ఉత్తరాన్ని మాత్రం దారంతో కట్టి, ముడి మీద ముడి వేసి, పడుకోబెట్టాడు.

దళంలో హవల్దారుకి చెప్పుకుంది. "మా ఉత్తరం మేం పంపేశాం" అన్నాడు. "ఇంకేం చెయ్యమంటావు? ఫిరంగి పంపమంటావా?" పక్కనున్నవాళ్లు పడీ పడీ నవ్వారు. నవ్వాక చేతులు దులుపుకుని కవాతుకి వెళ్లారు. వాళ్లతో పాటు ఆమె కూడా వెళ్లింది, ఎడమ కాలు ముందు వేసి.

తర్వాతి వారం గుమాస్తానే వెతుక్కుంటూ తాళాల కొట్టుకి వచ్చాడు. కాలేజీకి తనిఖీ ఉంది. పాత దస్త్రాలు దాచిన గది తెరుచుకోవడం లేదు. నేలమాళిగ తాళాన్నే, బురద నీళ్లలో నాలుగు రోజులు నానినదాన్ని, కడగకుండా తెచ్చి పై గదికి వేశారు. అది పట్టేసింది. బాబాయ్‌కి మోకాళ్ల నొప్పి, రెండో అంతస్తు ఎక్కలేడు. పనిముట్ల సంచీ ఆమె చేతికిచ్చాడు.

"నువ్వా?" అన్నాడు గుమాస్తా.

"నేనే సార్. ఇవాళ హాజరే."

తాళం ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెవి ఆనించి, సన్నటి తీగతో లోపలి బురదను కొంచెం కొంచెంగా తోడింది. వైద్యుడు చిన్నపిల్లవాడి రొమ్ము విన్నట్టు వింది. టిక్ మంది. తలుపు తెరుచుకుంది. లోపల గోడ పొడవునా పెట్టెలు. ప్రతి పెట్టె మీదా తెల్లటి సుద్దతో ఆమె దస్తూరి, ఆమె దళం నంబరు, ఆ రోజు తేదీ. గై పడిన ఆ నాలుగు రోజుల్లో, తరగతికి ఒక గోడ అవతల, ఆమె డెబ్భై నాలుగు సార్లు సంతకం పెట్టింది.

గుమాస్తా పెట్టెల మీది తేదీలు ఒక్కొక్కటే చదివాడు. తర్వాత, "ఆవరణలో ఉన్నావు, ఒప్పుకుంటా. తరగతిలో లేవు కదా" అన్నాడు.

ఇది విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది. ఆ పెట్టెలు నీళ్లలో నానిపోయి ఉంటే, తనిఖీకి చూపించడానికి ఆయన చేతిలో ఒక్క హా కూడా మిగిలేది కాదు.

ప్రిన్సిపాల్ మేడం మెత్తటి మనిషి. ఎదురుగా కూర్చోబెట్టింది, మంచినీళ్లు ఇప్పించింది. "నీలాంటి వాళ్లను చూస్తే గర్వంగా ఉంటుందమ్మా" అంది. సొరుగులోంచి అచ్చు కాగితం తీసింది. మన్నింపు దరఖాస్తు. సంతకం పెడితే మూడు రోజులు మాఫీ చేసే అధికారం ఆవిడకుంది.

కాగితంలో అచ్చయి ఉంది: నా నిర్లక్ష్యం వల్ల తరగతులకు రాలేకపోయాను, దయతో మన్నించగలరు.

ఆమె పెన్ను తీసుకుంది. "నిర్లక్ష్యం" మీద ఒక గీత గీసింది. పైన చిన్న అక్షరాలతో "సేవ" అని రాసింది. సంతకం పెట్టింది.

"కొట్టివేతలుంటే చెల్లదు మేడం" అన్నాడు పక్కనే నిలబడ్డ గుమాస్తా.

మేడం నవ్వుతూనే ఇంకో కాగితం ఇచ్చింది. "అది ఊరికే అచ్చులో ఉన్న మాటమ్మా. అందరూ పెడతారు. పెట్టెయ్."

ఆ కాగితం సంచీలో పెట్టుకుని కొట్టుకి వచ్చింది. బాబాయ్ తల పట్టుకున్నాడు. "ఒక్క మాటే కదవే! పెట్టేసి పరీక్ష రాసుకో. ఏడాది పోతుందే పిచ్చిదానా." ఆయన మాటలో కోపం లేదు, బెంగ ఉంది. శనివారాలకి సణిగే మనిషి ఆ వారమంతా, "చదువుకో పో, కొట్టు నేను చూసుకుంటా" అన్నాడు.

ఇంట్లో వాళ్లమ్మ కాగితాన్ని దీపానికి దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కుని చదివింది. "నిర్లక్ష్యమా? బురద బట్టలు నాలుగు రోజులు ఉతికింది ఎవరు? నేను. ఇందులో సంతకం పెట్టావంటే నీ వేలు విరగ్గొడతా."

"పెట్టకపోతే ఏడాది పోతుందమ్మా."

"పోనీ. ఏడాదే పోతుంది."

గడువు రోజున ఆమె రెండో కాగితం ఇచ్చింది. అందులోనూ గీత ఉంది. ఈసారి స్కేలు పెట్టి, నిటారుగా గీసింది.

పరీక్షల మొదటి రోజు పొద్దున్నే కొట్టు ముందు నుంచి వెళ్తూ ఆగాను. అంత పొద్దున తలుపు తెరిచి ఉండడం ఎప్పుడూ చూడలేదు. ఇనుము ఏడుపు వినిపించలేదు. బూటు మడమ చప్పుడూ లేదు. ఆమె ఒక్కతే కూర్చుని, కోసిన తాళంచెవుల్ని గుడ్డతో తుడుస్తోంది. వీధిలో పిల్లలు అట్టలు చంకలో పెట్టుకుని పరుగు పరుగున వెళ్తున్నారు. వాళ్లలో ఒకడు ఆగి, "గై, రావడం లేదా?" అనేసి, మొహం ఎర్రబడి వెళ్లిపోయాడు.

ఊరికే నిలబడలేక, నా ఇంటి తాళంచెవి కొంచెం పట్టేస్తోందని చెప్పాను. నిజంగానే పట్టేస్తోంది. తీసుకుని వెలుతురుకి ఎత్తి చూసింది. ఒక పంటిని రెండుసార్లు ఆకురాయితో రుద్దింది, ఊదింది, నా అరచేతిలో పెట్టింది. ఇత్తడి ఇంకా వెచ్చగా ఉంది.

"ఆ ఒక్క మాటా ఉంచేసి ఉంటే, ఇవాళ లోపల కూర్చునేదానివి కదా" అన్నాను. అనకూడదని తెలిసీ అన్నాను.

ఆమెకి కోపం రాలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. అవి లేకపోతే ఆ మొహం మరీ చిన్నది. అక్కడి నుంచే కాలేజీ వైపు చూసింది. మెట్ల కింది కొట్టులోంచి కాలేజీ కనబడదు. అయినా చూసింది.

"వచ్చే ఏడు మళ్లీ పిలుస్తారుగా అక్కా నా నంబరు. ఈసారి పెట్టె కింద పడేసైనా సరే, పలుకుతాను."