మెట్ల కింది తెల్ల లైటు

బొత్తాల పిన్ని అసలు పేరు ఆ సందులో ఎవరికీ గుర్తు లేదు. టైలరు సంచిలో పంపే చొక్కాలకు బొత్తాలు కుట్టి, దారాలు కత్తిరించి, మడతపెట్టి ఇవ్వడం ఆమె పని. ముందే మితభాషి. వానాకాలం మొదట్లో భర్త పోయాక ఆ కాస్త మాటా తగ్గిపోయింది.

ఆయన పోయింది మెట్ల మీదే. రోడ్డు ఎత్తున ఉంటుంది, ఇళ్లు పల్లంలో. మధ్యలో రాతిమెట్లు. వాటి అడుగున కొత్తగా స్తంభం పాతి, లైటు ముఖం పైకెత్తి బిగించారు. దిగేవాళ్ల కళ్లలోకి అది సూటిగా కొడుతుంది. మెట్ల మీద మాత్రం నీళ్ల ట్యాంకు నీడ పరుచుకుని ఉంటుంది. ఆయన తెల్లవారుజామున చీకట్లో పాల పాకెట్టుతో దిగుతూ, కళ్లు చెదిరి, మెట్టు ఉందనుకున్న చోట కాలు వేశాడు.

ఆ వెలుగే మేడ మీది ఆమె గదిలోకీ వస్తుంది. కిటికీకి దుప్పటి కడితే గాలాడదు. తీస్తే, ఆయన చొక్కా తగిలించే కొక్కెం దాకా పట్టపగల్లా కనిపిస్తుంది. ఇల్లు మారదామంటే ఆయన తిరిగిన గది. వదలనూ లేదు, ఉండనూ లేదు.

మరొకరు పడకముందే ఆ లైటు తల వంచి, పైన రేకు మూత పెట్టించాలని ఆమె పట్టు. మున్సిపాలిటీకి అర్జీ రాయించి, సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగింది.

"పిన్నీ, లైటు కోసం ఎన్నేళ్లు కాళ్లరిగేలా తిరిగాం! ఇప్పుడు బాలేదంటే ఉన్నదీ పీక్కుపోతారు," అన్నాడు ఇస్త్రీ బాబాయి.

"తీసెయ్యమనట్లేదు బాబాయ్. తల వంచమంటున్నా."

"ఆఫీసువాళ్ల లైటు కదా, వంగడం దానికెక్కడ అలవాటు!"

ఆమె నవ్వలేదు. సందె వేళ అతణ్ణి రోడ్డు మీదికి తీసుకెళ్లి, "దిగు," అంది. బాబాయి కాలితో తడుముకుంటూ దిగి, ఒక చెప్పు పోగొట్టుకుని, నోరెత్తకుండా సంతకం పెట్టాడు. మిగతావాళ్లనూ అలాగే ఒక్కొక్కరినే దింపింది. ట్యూషన్ టీచరు సగంలోనే మెట్టు మీద కూలబడి, "నన్నిక్కణ్ణుంచి తీసుకెళ్లు పిన్నీ," అంది. చివరికి సందంతా ఆమె వైపు నిలబడింది.

ఇంజనీరు చీకటి పడ్డాక స్వయంగా చూస్తానని కబురంపాడు. ఆ సాయంత్రం పిన్ని మెట్లు ఊడ్చింది. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు గానీ, పెద్దమనిషి మన గుమ్మంలో జారిపడితే ఏం బాగుంటుందని ప్రతి ఇంటివాళ్లూ వసారా బల్బు వేశారు. ఇస్త్రీ బాబాయి తన బండి మీది బల్బు వైరు లాగి ట్యాంకుకు కట్టాడు. టీచరు ఫోను వెలిగించింది. అన్నిటికన్నా చెడ్డ మెట్టు దగ్గర టార్చి పట్టుకుని నిలబడింది పిన్నే.

ఇంజనీరు చకచకా సగం దూరం దిగాడు.

"ఇక్కడ చీకటెక్కడుందమ్మా? మెట్లన్నీ బాగానే కనిపిస్తున్నాయిగా!"

అప్పుడు తెలిసింది అందరికీ, ఏం చేసుకున్నామో. బాబాయి చటుక్కున వైరు పీకాడు. వసారాల్లో బల్బులు గబగబా ఆరిపోయాయి. టీచరు ఫోను చీరకొంగులో దాచింది. మిగిలింది పిన్ని చేతిలో టార్చి ఒక్కటే.

"ఆర్పెయ్ పిన్నీ! ఆర్పెయ్!"

ఆమె బొటనవేలు మీట మీదే ఉంది. ఎదురుగా, ఆయన తప్పిన మెట్టు మీదికి నున్నటి బూటొకటి వస్తోంది. ఆ బూటులో ఉన్నది అధికారో, ఎవరి మొగుడో, ఎవరి కొడుకో ఆ క్షణాన ఆమెకు తెలియలేదు. మీట నొక్కలేకపోయింది. బూటు దిగింది.

"లైటు సరిగ్గానే ఉంది. ఈ ఫిర్యాదు ముగిసినట్టే," అని చెప్పి ఇంజనీరు వెళ్లిపోయాడు.

"ఎంత పని చేశావు పిన్నీ! ఇంకోసారి పిలిస్తే వస్తాడా?"

"పడితేనో బాబాయ్?"

"పడితే అప్పుడైనా..." బాబాయి నాలుక కరుచుకున్నాడు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి తలుపులు వేసుకున్నారు.

పిన్ని కూడా వెళదామనే టార్చి ఆర్పింది. పైన బస్సు ఆగిన చప్పుడైంది. ఎవరో దిగారు. తెల్ల వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మొదటి మెట్టు కోసం కాలితో వెతుకుతున్నారు.

ఆమె మళ్లీ మీట నొక్కి, "ఇటు, ఈ వెలుగు చూసి దిగండి," అంది. వాళ్ల వెనక ఇంకా ఎవరో వస్తున్నారు.